ఆ పెరట్లో నేనొక్కడినే కెనడావాణ్ణి

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న అడుగుతారు. "అంకుల్, అమెరికాలో ఆరేళ్ళు ఉండి ఈ కెనడాకెందుకు వచ్చారు?" పరీక్ష తప్పినవాణ్ణి పరామర్శించినంత మెత్తగా అడుగుతారు. నేను ఇక్కడ హాలిఫాక్స్‌లో కరెంటు కంపెనీ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. అక్కడ వీసా అయిపోయింది, ఇక్కడ ఉద్యోగం దొరికింది, ఇదీ అసలు జవాబు. కానీ అది భోజనాల దగ్గర రుచించదు. అందుకని రిటైరయ్యే ముందు చలికాలంలో జరిగిన ఒక రోజు సంగతి చెబుతుంటాను. పక్క దేశం ఎలాంటిదో, మన దేశం ఎలాంటిదో అది విన్నాక మీరే తేల్చుకోండి. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు గనక దారి పొడుగునా అదే చెబుతాను.

ముందు ఈ ఇరుగుపొరుగు సంగతి. కెనడావాణ్ణి మీరెవరు అని అడిగితే, అమెరికావాణ్ణి కాను అంటాడు. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక తడుముకుంటాడు. అమెరికావాణ్ణి కెనడా గురించి అడిగితే, అక్కడ చలి కదా అంటాడు. అతను తడుముకోడు, ఎందుకంటే చెప్పాల్సింది అయిపోయింది. మావాళ్ళకి అమెరికాలో ఏ మూల ఎవరు ఎన్నికల్లో గెలిచారో తెలుసు. వాళ్ళకి మా రాజధాని పేరు తెలీదు. తెలీదన్న సంగతి మావాళ్ళకి ఎంత ఆనందమో చెప్పలేను. ఎదురింటాయన తన పేరు మరిచిపోయాడని పదిమందికీ చెప్పుకుని మురిసిపోయే మనుషుల్ని నేను ఇక్కడే చూశాను. అయినా నాకు వింత అనిపించలేదు. రాష్ట్రం రెండయ్యాక మా తెలుగు అసోసియేషన్‌లో ఉగాది పచ్చడి గిన్నె చుట్టూ నిలబడి నదీజలాలు పంచుకున్నవాళ్ళని చూసిన కళ్ళు ఇవి.

ఆ ఏడాది మాత్రం వ్యవహారం ముదిరింది. సరిహద్దు అవతలి పెద్దలు మా సరుకుల మీద సుంకాలు వేశారు. అంతటితో ఊరుకోక, మా దేశాన్నే వాళ్ళ రాష్ట్రాల్లో ఒకటిగా కలిపేసుకుంటే పోతుంది కదా అన్నారు. మావాళ్ళకి రోషం వచ్చింది. కెనడావాళ్ళ రోషం ఎలా ఉంటుందో చూడాలి. ప్రభుత్వ మద్యం షాపుల్లో అమెరికా సీసాలన్నీ దించి, ఒక్కటీ పగలకుండా, జాగ్రత్తగా గోడౌన్లో సర్దిపెట్టారు. సూపర్‌మార్కెట్లో పెద్దవాళ్ళు కళ్ళజోడు సవరించుకుని ఆపిల్ పండు మీది స్టిక్కరు చదివి, బరువెక్కిన గుండెతో పక్కన పెట్టేవారు. మా ఆవిడ ఫ్లోరిడా నారింజలు మానేసింది. న్యూజెర్సీలో ఉండే మా తోడల్లుడు ఫోన్ చేసి, "ఏంటి అన్నయ్యగారూ, మా దేశంలో ఎప్పుడు కలుస్తున్నారు?" అని పడీపడీ నవ్వాడు. ఆ 'మా దేశం' అన్న మనిషి గ్రీన్ కార్డు కోసం ఎన్నాళ్ళ బట్టీ కాళ్ళరిగేలా క్యూలో నిలబడ్డాడో నాకు తెలుసు. చుట్టరికం గనక ఊరుకున్నాను.

అలాంటి చలికాలంలో మంచు వాన పడింది. చినుకుగా పడి, తగిలిన చోటల్లా గడ్డకట్టే వాన. కిటికీలోంచి చూసేవాళ్ళకి బ్రహ్మాండంగా ఉంటుంది, ఫొటోలు తీసుకుంటారు. కరెంటు కంపెనీవాళ్ళకి ఏడుపొస్తుంది. దక్షిణ తీరం వెంబడి చెట్లు తీగల మీద పడ్డాయి, స్తంభాలు విరిగాయి, ఊళ్ళన్నీ చీకటైపోయాయి. మా లైన్‌మెన్ ఎక్కడా చాలలేదు. ఇలాంటప్పటికి ఒక పాత ఆనవాయితీ ఉంది. వాళ్ళకి తుఫాను వస్తే మా లైన్‌మెన్ ట్రక్కులేసుకుని అటు వెళతారు, మాకు వస్తే వాళ్ళు ఇటు వస్తారు. పై వాళ్ళు ఎన్ని తిట్టుకున్నా ఇది మాత్రం ఆగదు. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం మాకు సముద్రపు పాయకి అవతల ఉంటుంది. అక్కడి నుంచి ఆరు ట్రక్కులు బయల్దేరాయని కబురొచ్చింది.

వెంటనే మా డిపోలో మీటింగ్ పెట్టారు. ఊళ్ళు చీకట్లో ఉంటే మీటింగేమిటి అనకండి, ఈ దేశంలో మీటింగ్ పెట్టకుండా అగ్గిపుల్ల కూడా గీయరు. వచ్చేవాళ్ళ గౌరవార్థం వాళ్ళ జెండా పెట్టాలా వద్దా అన్నది మొదటి అంశం. పెడితే మన జనానికి కోపం వస్తుందని కొందరు, పెట్టకపోతే మర్యాద కాదని కొందరు. నూరేళ్ళ కిందట మా రేవులో ఓడ పేలి ఊరు సగం నాశనమైతే బోస్టన్ వాళ్ళు డాక్టర్లతో రైలు పంపారని, ఆ కృతజ్ఞతకి మనం ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళకి చెట్టు పంపుతున్నామని ఒకాయన గుర్తు చేశాడు. ఈ గొడవల మధ్య ఆ ఏడు కూడా చెట్టు వెళ్ళింది. వాళ్ళ నారింజలు తినం గానీ మన చెట్టు మాత్రం తీసుకోవాలన్నమాట. మా మేనేజరు ఈ రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన నెమ్మదస్తుడు. అందరి మాటా ఓపిగ్గా విని, జెండా పెట్టకూడదని, పెట్టనందుకు వాళ్ళు నొచ్చుకుంటే సారీ చెప్పాలని, నొచ్చుకోకపోయినా చెప్పాలని తేల్చాడు.

రెండో అంశం నేను. బయటి దేశపు లైన్‌మెన్ వచ్చినప్పుడు మా కంపెనీ మనిషి ఒకడు వాళ్ళ ముందు నడవాలి. దారి చూపించాలి. కంట్రోల్ రూమ్‌తో రేడియోలో మాట్లాడి, ఈ తీగలో కరెంటు తీసేశారు, ముట్టుకోవచ్చు అని అతను చెప్పాకే వాళ్ళు పని మొదలుపెట్టాలి. రూల్సు ప్రకారం ఆ రోజుకి అతనే వాళ్ళకి పై అధికారి. అది ముదిరిన లైన్‌మన్ చేసే పని. ముదిరినవాళ్ళంతా అప్పటికే స్తంభాల మీద ఉన్నారు. మేనేజరు నా వైపు చూసి, అమెరికాలో ఉన్నప్పుడు నేను ఒహాయోలో పనిచేశాను కదా, వాళ్ళ పద్ధతులు తెలుసు కదా అన్నాడు. ఇంగ్లీషు తప్ప మరో భాష రాని రెండు జాతుల మధ్య దుబాసీగా కృష్ణా జిల్లావాణ్ణి పెట్టడం మా కంపెనీకే చెల్లింది. నేను డిజైన్ ఇంజనీర్ని. అన్నేళ్ళ సర్వీసులోనూ స్తంభాల్ని కంప్యూటర్ తెర మీద చుక్కలుగా చూడటమే ఎక్కువ. ఆ మాట చెప్పబోయాను గానీ, రిటైర్మెంట్ ముందు కాదనడం బాగుండదని తలూపాను.

మర్నాడు పొద్దున హోటల్లో వాళ్ళ ఫోర్‌మన్‌ని కలిశాను. యాభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం. అమెరికావాళ్ళంటే ఒహాయోలో నేను చూసినవాళ్ళే గుర్తు. భుజం తట్టి, మన పేరు తప్పు పలికి, ప్రతిదానికీ అద్భుతం అనేవాళ్ళు. ఈయన అలా కాదు. మాటకి లెక్క చెప్పుకోవాలేమో అన్నట్టు మాట్లాడాడు. ఆ హోటలువాళ్ళు దేశభక్తి కొద్దీ ఆరెంజ్ జ్యూస్ యంత్రం తీసేసి, అక్కడొక బోర్డు పెట్టారు: మేము అమెరికా సరుకు వాడము, అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఆయన ఆ బోర్డు మొదటి నుంచి చివరిదాకా చదివి, దాని కిందే నిలబడి కాఫీ తాగాడు. నేను మా మీటింగ్ తీర్మానం ప్రకారం సారీ చెప్పాను. "మమ్మల్ని లోపలికి రానిచ్చారు, అదే పదివేలు," అన్నాడు.

మాకు అప్పగించిన పని తీరం పక్కన ఒక చిన్న ఊళ్ళో. ఒక ఇంటి పెరట్లో స్తంభం విరిగింది. దానికి అవతల, కొండ మీద, ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటోంది. ఆవిడకి ఆక్సిజన్ యంత్రం లేకపోతే ఊపిరి ఆడదు. కరెంటు పోయిన దగ్గర్నుంచి సిలిండర్ మీద ఉంది, అది చీకటిపడే దాకా వస్తే గొప్ప. కొండ మీదికి వెళ్ళే రోడ్డుకి అడ్డంగా చెట్లు పడి ఉన్నాయి గనక అంబులెన్స్ వెళ్ళలేదు. చెట్లు తీసేవాళ్ళు ఎప్పటికి వస్తారో తెలీదు. స్తంభం నిలబెట్టి కరెంటు ఇవ్వడమే దారి. కంట్రోల్ రూమ్ అమ్మాయి రేడియోలో ఇదంతా చెప్పి, ఆఖర్న "ఏం ఒత్తిడి లేదు" అంది.

సెల్ టవర్లు కూడా పడిపోవడంతో ఫోన్లో మ్యాప్ రాలేదు. దారిలో ఒక దుకాణంలో అడిగితే, పాత స్కూలు ఉండే చోట ఎడమకి తిరగండి, కాలిపోయిన కొట్టం దాటాక కుడికి తిరగండి అని చెప్పారు. వెళ్ళి చూస్తే స్కూలూ లేదు, కొట్టమూ లేదు. కూల్చేసిన స్కూలుకి, కాలిపోయిన కొట్టానికి గుర్తేమిటని నేను స్టీరింగు ముందు కూర్చుని తిట్టుకుంటున్నాను. వెనక ట్రక్కులోంచి ఫోర్‌మన్ దిగి వచ్చి, నాలుగు వైపులా చూసి, మంచు కింద చదునుగా ఉన్న ఒక చోటు చూపించాడు. "స్కూలు ఇక్కడే అయ్యుంటుంది. పిల్లలు ఆడుకునే స్థలం. మా ఊళ్ళోనూ దారి ఇలాగే చెబుతారు," అని నా బండిలోనే నా పక్కన కూర్చున్నాడు. అక్కడి నుంచి ఆయన వేలు చూపించడం, నేను తిప్పడం. వెనకనుంచి చూసేవాళ్ళకి మాత్రం కెనడావాడే దారి చూపిస్తున్నట్టు కనిపించి ఉంటుంది. చాలా పెద్ద పెద్ద వ్యవహారాలు కూడా ఇలాగే నడుస్తాయని నాకు అప్పుడే అనిపించింది.

ఇల్లు దొరికింది. గుమ్మం మీద మా దేశపు జెండా, పెరట్లోకి వెళ్ళే దారికి అడ్డంగా ఒక ట్రాక్టరు, ట్రాక్టరు పక్కన ఎనభై ఏళ్ళ పెద్దాయన. మా ట్రక్కుల నంబర్ ప్లేట్లు చూసి ఆయన కదల్లేదు. అమెరికావాళ్ళు తన పెరట్లో అడుగు పెట్టడానికి వీల్లేదన్నాడు. "మనవాళ్ళని పంపించు. కాఫీ నేనే పెట్టిస్తాను," అన్నాడు. ఇంగ్లీషులో నువ్వు, మీరు ఒకటే గనక ఆయన నన్ను ఏమన్నాడో ఖాయంగా చెప్పలేను. చూసిన చూపుని బట్టి నువ్వు అని రాస్తున్నాను.

నేను సారీ చెప్పాను. మనవాళ్ళు ఎక్కడెక్కడున్నారో చెప్పాను. స్తంభం దగ్గరికి వెళ్ళే హక్కు మా కంపెనీకి ఉందని కూడా చెప్పాను. పోలీసుల్ని పిలుచుకో అన్నాడు. రేడియోలో మేనేజర్ని అడిగితే, కస్టమర్ మనసు నొప్పించవద్దు, పని మాత్రం ఆపవద్దు అన్నాడు. అంత స్పష్టమైన ఆదేశం వచ్చాక ఇక నాకు దిగులేముంది? ఆ ట్రాక్టరు అమెరికా తయారీ అని నాకు కనిపిస్తూనే ఉంది. పక్కనున్న ఫోర్‌మన్‌కీ కనిపించింది. ఇద్దరం ఆ ఊసెత్తలేదు.

చివరికి కొండ మీది ముసలావిడ సంగతి ఎత్తాను. ఆయన మొహం మారింది. "ఆవిడ సంగతి నాకు నువ్వు చెప్పక్కర్లేదు. పొద్దున కట్టెలు మోసుకెళ్ళి పొయ్యి వెలిగించి వచ్చింది నేనే," అన్నాడు. ఆ పడిపోయిన చెట్లన్నీ దాటుకుంటూ ఆ వయసులో ఎలా వెళ్ళాడో నాకు తెలీదు. వాళ్ళేమో మన దేశాన్నే మింగేస్తామంటుంటే, మనం వాళ్ళ చేత దీపం పెట్టించుకోవాలా అన్నాడు. ఆయన కొండ వైపు చూసి, ట్రక్కుల వైపు చూసి, మళ్ళీ కొండ వైపు చూశాడు. ఆవిడ ప్రాణం మీద నాకెంత భయంగా ఉందో ఆయనకి అంతకు నాలుగింతలు భయంగా ఉంది. రానివ్వనన్న మాట మీద నిలబడిపోయాడు, దిగలేకపోతున్నాడు. నాకు ఆయన మీద కోపం, జాలి, రెండూ కలిసి వచ్చాయి. పొద్దు చూస్తే వాలుతోంది.

అప్పుడు ఫోర్‌మన్ ముందుకొచ్చాడు. కంచె దాకా వచ్చి, గీత గీసినట్టు అక్కడే ఆగిపోయాడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని, నా వైపు తిరిగి గట్టిగా అడిగాడు.

"బాస్, ఈ లైను ఎవరిది?"

"మా కంపెనీది."

"ఇవాళ మాకు పై అధికారి ఎవరు?"

"నేను."

"మీది ఏ దేశం?"

"కెనడా."

అప్పుడు పెద్దాయన వైపు తిరిగాడు. "అయ్యా, ఇక్కడ మా అంతట మేము మేకు కూడా కొట్టం. ఈ కెనడా ఆయన చెయ్యమంటే చేస్తాం, ఆగమంటే ఆగుతాం. ఇది ఆయన పని. మేం చేతులం అంతే."

పెద్దాయన నన్ను అప్పుడు సరిగ్గా చూశాడు. మంకీ టోపీ, దాని మీద హెల్మెట్, లోపల మా ఆవిడ తొడిగించిన రెండు స్వెట్టర్లు. దేశం పరువు నిలబెట్టడానికి వచ్చినవాడు ఇలా ఉంటాడని ఆయన అనుకుని ఉండడు.

"నువ్వు కెనడావాడివా?"

"అవునండీ. హాలిఫాక్స్."

"అంతకు ముందు?"

ఈ ప్రశ్న నన్ను ఇన్నేళ్ళలో ఎంతమంది అడిగారో లెక్క లేదు. ప్రతిసారీ ఇండియా అని చెబుతూనే ఉన్నాను. ఆ రోజు కంగారులోనో, నిజం చెప్పాలన్న చాదస్తంతోనో, వరస తప్పకుండా చెబుదామని "ఒహాయో" అన్నాను. వెనక ఎవరికో దగ్గొచ్చింది. పెద్దాయన కళ్ళు చిన్నవయ్యాయి. అమెరికాని ఆపడానికి నిలబడ్డ మనిషికి అమెరికానుంచి వచ్చానని చెప్పిన తెలివితేటలు నావి. "దానికి ముందు ఇండియా," అన్నాను గబగబా.

"అలా చెప్పు," అన్నాడు ఆయన ఊపిరి వదిలి. నా పుట్టుక ఒక మనిషికి అంత ఊరట ఇవ్వడం అదే మొదటిసారి. అయితే ఒక్క షరతు పెట్టాడు. ప్రతి పనీ నేను చెబితేనే జరగాలి, తను చూస్తూ ఉంటాడు. ఆ మాట చెప్పి ట్రాక్టరు ఎక్కి పక్కకి తీశాడు.

ఆ తర్వాత జరిగింది నేను బతికున్నన్నాళ్ళూ మర్చిపోను. పెద్దాయన వరండాలో కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఫోర్‌మన్ ప్రతిదానికీ ఆయనకి వినపడేలా నన్ను అడుగుతాడు. బాస్, ట్రక్కు లోపలికి తేవచ్చా? బాస్, ఈ కొమ్మ కొట్టెయ్యమంటారా? బాస్, గొయ్యి ఇక్కడ తవ్వమంటారా, అక్కడా? ఎక్కడ తవ్వాలో నాకేం తెలుసు. ఆయన కనుబొమ్మ ఎటు కదిలితే అటు చెయ్యి చూపించాను. నేను సరేనన్నప్పుడల్లా వరండాలో పెద్దాయన కూడా తల ఊపాడు. ఒక్కసారి మాత్రం నేను నిజంగానే ఆగమన్నాను. లైను కలపడానికి ఇద్దరు ట్రక్కు క్రేనుకి తగిలించిన బకెట్‌లో పైకి వెళ్ళారు, కంట్రోల్ రూమ్ నుంచి అనుమతి ఇంకా రాలేదు. చెయ్యెత్తి ఆపాను. పైనున్నవాళ్ళ చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి. రేడియో పలికేదాకా ఎవరూ వేలు కదపలేదు. మా ఇంట్లో గానీ ఆఫీసులో గానీ నా మాటకి అంత విలువ ఎన్నడూ లేదు.

పొద్దు గుంకుతుండగా కరెంటు ఇచ్చారు. కొండ మీద కిటికీలో దీపం వెలిగింది. కాసేపటికి ఆ దీపం ఆరి, మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరి వెలిగింది. యంత్రం నడుస్తోందని చెప్పడానికి ఆవిడే స్విచ్ నొక్కుతోందని పెద్దాయన చెప్పాడు. చెబుతూ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఫోర్‌మన్ తాళ్ళు చుట్టుకుంటూ అటు తిరిగాడు.

ఇక ఆయన మర్యాద మొదలైంది. కాఫీ వచ్చింది. దాని వెనకే నేలమాళిగలోంచి ఒక అమెరికా విస్కీ సీసా వచ్చింది. దాచాను గానీ పారబొయ్యలేదన్నాడు. డ్యూటీలో తాగకూడదని చెప్పి ఫోర్‌మన్ కాఫీ తీసుకున్నాడు. మాటల్లో ఫోర్‌మన్ అమ్మమ్మది ఇక్కడికి రెండూళ్ళ అవతలేనని తేలింది. ఆవిడ ఇంటిపేరు చెప్పగానే పెద్దాయన లేచి నిలబడ్డాడు. మన పెళ్ళిళ్ళలో ఏ ఊరు, ఎవరి తాలూకు అని మొదలుపెట్టినవాళ్ళు విస్తట్లో పెరుగు పడేలోగా వరసలు కలుపుకుంటారు చూడండి, అచ్చం అలాగే ఇద్దరూ మేనత్తలు, పడవలు, మునిగిపోయినవాళ్ళు, పారిపోయి పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు అంటూ దూరపు చుట్టాలైపోయారు. మధ్యలో ఫోర్‌మన్, ట్రాక్టరు బాగుందే, ఎక్కడిది అని అడిగాడు. "కొన్నాను," అన్నాడు పెద్దాయన. అంతే, దేశాల గొడవ అక్కడితో ముగిసింది. నేను కాస్త ఎడంగా నిలబడి కంట్రోల్ రూమ్‌కి పని పూర్తయిందని చెప్పుకున్నాను. నాకు ఆ ఊళ్ళో మేనత్తలు లేరు.

బయల్దేరేటప్పుడు పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ఈసారి మీరు అనే రాస్తాను.

"మీరు లేకపోతే ఇది జరిగేది కాదు. చాలా థాంక్స్," అన్నాడు. తర్వాత నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, "కెనడాకి స్వాగతం," అన్నాడు.

వెటకారమైతే నాకు జవాబు వచ్చును. ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. అదీ బాధ. నా పిల్లలు ఇక్కడే పుట్టి, చదువుకుని, ఉద్యోగాలు చేస్తున్నారని చెబుదామనుకున్నాను. కాసేపటి క్రితం ఈ పెరట్లో ఉన్న ఒకే ఒక్క కెనడావాణ్ణి నేనేనని, ఆ లెక్కనే ట్రాక్టరు కదిలిందని గుర్తు చేద్దామనుకున్నాను. ఆయన నా చెయ్యి ఇంకా వదల్లేదు. "థాంక్యూ," అన్నాను.

ఫోర్‌మన్ పక్కనే ఉన్నాడు, విన్నాడు. తన ట్రక్కు దగ్గరికి నడిచి, తలుపు తీసి, ఎక్కకుండా నిలబడ్డాడు. మిగతా ట్రక్కులు కూడా ఇంజన్లు ఆన్ చేసుకుని కదలకుండా ఉన్నాయి.

"ముందు మీరు నడవండి బాస్," అన్నాడు.

పెద్దాయన లోపలికి వెళ్ళిపోయాడు, ఇక ఆ బాస్ అన్న పిలుపు అక్కర్లేదని చెప్పాను. దారి కూడా మీకే బాగా తెలుసన్నాను.

"దేశం మీది కదా," అన్నాడు, ట్రక్కు ఎక్కి తలుపు వేసుకున్నాడు.

నేను నా బండి స్టార్ట్ చేసి ముందుకి కదిలాను. కాలిపోయిన కొట్టం ఉండే చోటు దాటాను. పాత స్కూలు ఉండే చోట తప్పు మలుపు తిరిగాను. ఆరు అమెరికా ట్రక్కులూ నా వెనకే తిరిగాయి. ఒక్కటి కూడా హారన్ కొట్టలేదు.